గుమ్మం దాటిన మేస్త్రి

మా సెలవుల ఇంటికి నియమాలు రాసింది నేనే. కాబట్టి ఆ నియమాలను తిట్టుకునేవాళ్లంతా నన్నే తిట్టుకుంటారు. దానికి నేనెప్పుడో అలవాటు పడిపోయాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ లేడీస్ హాస్టల్ వార్డెన్‌ని. గేటు ఎప్పుడు మూయాలి, గీజరు ఎంతసేపు వేయాలి, తడి తువ్వాళ్లు ఎక్కడ ఆరేయకూడదు, ఇవన్నీ గోడ మీద రాసి ఉండకపోతే నాకు ఊపిరాడదు. "నీ నియమాలు చదవడానికే సెలవంతా సరిపోతోంది, ఇంక సరస్సు ఎప్పుడు చూస్తాం?" అని మా ఆయన దెప్పుతూ ఉంటారు. దెప్పనీ, ఆయన నోటికి ఇంకేం పని!

ఆ ఇల్లు ముగ్గురిది. మా బావగారు, మా ఆయన, మా ఆడపడుచు కలిసి కొన్నారు. కొండ వాలులో, సరస్సుకి ఎదురుగా, చెక్క నేల వేసిన ఇల్లు. ఎవరికి సెలవు దొరికితే వాళ్లు వెళ్లి ఉంటారు, ఒక్కోసారి రెండు కుటుంబాలు కలిసి ఉంటాయి. ఇంతమంది వాడుకునే ఇల్లన్నాక తగువులు రాకుండా ఉంటాయా? బావగారి కూతురు ఒకసారి అత్తారింటి నుంచి పిల్లిని తీసుకొచ్చింది. అది వెళ్లేటప్పటికి సోఫాలో దూది తప్ప గుడ్డ మిగల్లేదు. మా తోడికోడలికేమో జంతువు వెంట్రుక గాల్లో ఎగిరినా చాలు, తుమ్ములే తుమ్ములు. ఆవిడ ఆ పిల్లి పుణ్యమా అని సెలవంతా ముక్కుకి రుమాలు కట్టుకుని తిరిగింది. ఆ తర్వాతే నేను పెన్ను తీశాను.

పెంపుడు జంతువును తేవాలంటే ముగ్గురిళ్లవాళ్లూ ఒప్పుకోవాలి, తెచ్చినా అది వరండా దాటి లోపలికి రాకూడదు, బయట గొలుసు లేకుండా తిరగకూడదు. సహాయక జంతువుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. హార్నెస్ వేసుకుని పనిలో ఉన్నంతసేపు అది ఎక్కడికైనా రావచ్చు, హార్నెస్ విప్పాక మాత్రం పడగ్గదిలో తన చాప మీదే ఉండాలి. ఇంతే. ఇందులో అర్థం కానిది ఏముంది చెప్పండి?

సహాయక జంతువు అన్న మాట అందులోకి వచ్చింది మా ఆడపడుచు కోసం. ఇంట్లో అందరికన్నా ఆఖరిది కాబట్టి అందరికీ చంటి. నలభై దాటి జుట్టు నెరుస్తున్నా చంటే. చదువుకునే రోజుల్లోనే ఏదో జబ్బు చేసి చూపు కొద్దికొద్దిగా తగ్గి, చివరికి పూర్తిగా పోయింది. అయినా మూల కూర్చునే రకం కాదు. ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. విరిగి అతికిన కాళ్లకి, పట్టేసిన నడుములకి మళ్లీ కదలడం నేర్పించడం తన పని. చేత్తో అలా తడిమి ఏ కండరం అలిగిందో చెప్పేస్తుంది. పెళ్లి వద్దంది, ఒక్కతే ఉంటుంది. ఒక్కతే అంటే ఒప్పుకోదు, "నేనూ మేస్త్రీ ఉంటాం" అంటుంది.

మేస్త్రి అంటే తన కుక్క. పసుపు రంగు, వెడల్పాటి తల. వీపు మీద పిడి ఉన్న తోలుపట్టీ, అదే హార్నెస్, తగిలించుకుని చంటిని రోజూ ఆసుపత్రికి తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. మెట్టు వస్తే ఆగుతాడు, గుంట వస్తే ఆగుతాడు, ఆగి అటూ ఇటూ చూసి, ఇల్లు కట్టేచోట పని పరీక్షించే మేస్త్రిలా ఒక్క క్షణం ఆలోచించి అప్పుడు కదులుతాడు. ఆ తీరు చూసి ఆ పేరు పెట్టింది మా ఆయనే. శిక్షణ కేంద్రంవాళ్లు పెట్టిన పేరు ఇంకేదో ఉండేది, అది ఎవరికీ గుర్తు లేదు.

ఈసారి సెలవులకి ముందు చంటి ఫోన్ చేసింది.

"వదినా, ఇద్దర్ని తీసుకొస్తున్నా."

"ఇద్దరెవరే?"

"మేస్త్రికి తుంటి కీళ్లు అరిగిపోయాయి. పని మాన్పించేశారు. కొత్తది వచ్చింది, పేరు చలాకీ."

"కొత్తదానికి అభ్యంతరం లేదు. మేస్త్రి మాత్రం ఇప్పుడు సహాయక జంతువు కాదు. పెంపుడు జంతువు. ముగ్గురిళ్లవాళ్లూ ఒప్పుకోవాలి."

"ఇన్నేళ్లు నన్ను రోడ్డు దాటించినవాడు తెల్లారేసరికి పెంపుడు జంతువైపోయాడా?"

"నేను రిటైరైన మర్నాడు హాస్టల్లో మర్చిపోయిన గొడుగు కోసం వెళ్తే, వాచ్‌మన్ నన్ను విజిటర్ల పుస్తకంలో సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. రిటైర్మెంటంటే అంతే మరి."

చంటి నవ్వలేదు. అప్పుడు చెప్పింది అసలు సంగతి. రెండు కుక్కలూ ఒకే ఇంట్లో ఉంటే చలాకీ పని చేయడం లేదట. అడుగుకోసారి వెనక్కి తిరిగి మేస్త్రిని చూస్తోందట. సెలవు నుంచి రాగానే శిక్షణ కేంద్రంవాళ్లు వచ్చి చూస్తారు. అప్పటికీ చలాకీ దారిలో పడకపోతే ఇద్దరిలో ఒకర్ని పంపించేయాలి. చలాకీ లేకపోతే చంటి ఉద్యోగానికి వెళ్లలేదు. కాబట్టి వెళ్లేది మేస్త్రే.

"వాణ్ణి పరాయివాళ్లకి ఇవ్వలేను వదినా. ఇద్దర్నీ ఉంచుకోవాలి. అక్కడ జనం ఉండరు, దారులు ఖాళీగా ఉంటాయి. ఇద్దరికీ నేర్పుకుంటాను. ఈ ఒక్క సెలవు నాకు వదిలెయ్."

నాకు ముక్కు మీద కోపం ఉన్న మాట నిజమే కానీ గుండె లేని మనిషిని కాను. మా తోడికోడలికి ఫోన్ చేశాను. "ఆలోచించి చెప్తా" అంది ఆవిడ. ఆవిడ ఆలోచించేలోగా మేమంతా వెళ్లి ఇంటి తాళం తీశాం. మేస్త్రి వరండాలోనే ఉంటాడని నేను, సరేనని చంటి, ముందుగానే మాట అనుకున్నాం.

వరండా నుంచి హాల్లోకి వెడల్పాటి గుమ్మం. అక్కడ నిలబడి నేలని కాలితో తట్టి, "ఇదిగో, ఇక్కడిదాకే" అన్నాను మేస్త్రితో. కుక్కతో మాట్లాడుతున్నానని మా ఆయన పక్కకి తిరిగి నవ్వుకున్నారు. మేస్త్రి నా కాలిని చూశాడు, నా మొహం చూశాడు. ముందరి పాదాలు రెండూ గుమ్మానికి ఇవతల సరిగ్గా ఆనించి కూర్చున్నాడు. మళ్లీ చెప్పించుకోలేదు. హాల్లో భోజనాలు చేస్తున్నా, బిస్కెట్టు ముక్క జారి గుమ్మం పక్కనే పడినా, పాదం ఇటు పెట్టలేదు.

ఎన్ని బ్యాచ్‌ల అమ్మాయిల్ని చూశాను నా జన్మలో! ఒక్కసారి చెబితే వినే పిల్లని చూశానా? నాకు నిజంగా ముచ్చటేసింది. "మా హాస్టల్ పిల్లలకి వీడితో క్లాసు చెప్పించాల్సింది" అన్నాను. ఎప్పుడు ఆ గుమ్మం వైపు చూసినా అదే కూర్చోవడం, అదే చూపు. నియమం అంటే ఇలా ఉండాలి అనుకుని తెగ మురిసిపోయాను.

చలాకీ సంగతి వేరు. నల్లగా, సన్నగా, కాళ్లలో స్ప్రింగులు పెట్టినట్టు ఉంటుంది. చంటి దానికి హార్నెస్ తగిలించి సరస్సు దారిలో నడిపిస్తుంటే, వెనక నేను మేస్త్రి గొలుసు పట్టుకుని. పెంపుడు జంతువు బయట గొలుసు లేకుండా తిరగకూడదని రాసిన పాపానికి ఆ గొలుసు నా చేతికే వచ్చింది. చలాకీ పట్టుమని పది గజాలు తిన్నగా పోతే ఒట్టు. తల తిప్పి చూడ్డం, ఆగడం, మళ్లీ చంటి "ముందుకి" అనడం. మేస్త్రి గోళ్లు రాళ్ల మీద టక్కుటక్కుమంటుంటే ఆ చప్పుడుకి చంటి తల కూడా కాస్త వెనక్కి తిరగడం నేను గమనించాను. నోరు ఊరుకోదు కదా, అనేశాను.

"అదొక్కటే కాదే తల్లీ, నువ్వూ వెనక్కే చూస్తున్నావ్."

"నేను ఎటు చూసినా ఒకటేగా వదినా" అంది నవ్వుతూ. కానీ ఆ నవ్వు వెంటనే పోయింది.

సాయంత్రం వరండాలో టీ తాగుతుంటే మా ఆయన అడిగారు, ఈ కుక్కలకి అన్నిటికన్నా కష్టమైన పాఠం ఏమిటని.

"మాట వినకపోవడం" అంది చంటి.

"అదేం పాఠం!" అన్నాను. "మా హాస్టల్లో అది ఎవరూ నేర్పకుండానే వచ్చేసేది."

"లేదు వదినా, నిజంగానే నేర్పిస్తారు. కూర్చో, లే, ఎడమ, కుడి, ఇవన్నీ ముందు నేర్పిస్తారు. చెప్పింది చెప్పినట్టు చేయడం వచ్చాక అప్పుడు ఇది. నేను ముందుకి అంటాను, ఎదురుగా బండి వస్తోంది. నాకు తెలీదు కదా? అప్పుడు అది నా మాట కాదని నిలబడాలి. నేను తిట్టినా సరే, లాగినా సరే. ఈ ఒక్కటీ రాకపోతే మిగతావన్నీ వచ్చినా ఇంటికి పంపించేస్తారు."

"ఎప్పుడు వినాలో ఎప్పుడు వినకూడదో దానికెలా తెలుస్తుంది?"

"అదే నాకూ తెలీదు. వాడికి తెలుసు, అంతే." అంటూ చెయ్యి చాపింది. మేస్త్రి లేచి వచ్చి ఆ చేతి కింద తల పెట్టి నిలబడ్డాడు. లేచేటప్పుడు వెనక కాళ్లు వణకడం నేను చూశాను. "డాక్టరు వీడికి నిద్రే మందు అన్నాడు. బాగా పడుకోవాలట, కాళ్లు బారజాపి. పడుకుంటున్నాడా అన్నయ్యా?"

"పడుకోకేం చేస్తాడు, వరండా అంతా వాడిదే" అన్నారు మా ఆయన.

మా నియమాల్లో ఇంకోటుంది. ఇంట్లో దిగిన మర్నాడు పొద్దున్నే నేలమాళిగ తలుపు ఎత్తి, మధ్యాహ్నం దాకా గాలి ఆడనివ్వాలి. లేకపోతే కింద పెట్టిన పరుపులన్నీ ముక్కిపోతాయి. ఆ తలుపు ఉన్నది హాలు నుంచి వంటింటికి వెళ్లే నడవలో, నేల మీదే. ఎత్తితే నడవంతా గొయ్యే, అంచున అడుగు పెట్టేంత చోటు మాత్రం ఉంటుంది. ఎత్తినప్పుడల్లా హాలు వైపు రెండు కుర్చీలు అడ్డం పెడతాం. ఇన్నేళ్లూ ఏ ఇబ్బందీ రాలేదు. ఎందుకు రాలేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఇన్నేళ్లూ చంటి పక్కన హార్నెస్‌లో మేస్త్రి ఉన్నాడు.

ఆ పొద్దున మా ఆయన తలుపు ఎత్తారు, కుర్చీలు పెట్టారు. అంతవరకు బాగానే ఉంది. తర్వాత వంటింట్లో బల్బు మాడిపోయిందని గుర్తొచ్చి, ఎక్కి నిలబడ్డానికి ఒక కుర్చీ పట్టుకెళ్లారు. దాన్ని గొయ్యి అంచుమీంచి దాటించడానికి రెండోది పక్కకి జరిపారు. జరిపినది జరిపినట్టే ఉంది. తలుపు తీసిన సంగతి చంటికి నేను చెప్పాననుకున్నారు ఆయన. ఆయన చెప్పారనుకున్నాను నేను.

నేను పెరట్లో ఉన్నాను. ఆ కొండమీద ఫోను పనిచేసేది అక్కడ ఒక్కచోటే. మా తోడికోడలు ఆలోచించడం అయిపోయిందట.

"వరండాలో ఉంటే సరే" అంది. "కానీ చూడమ్మా, కుక్క కుక్కే. ఇవాళ వరండా అంటుంది, రేపు హాలు అంటుంది."

"మేస్త్రి అలాంటివాడు కాదక్కయ్యా. గుమ్మం దగ్గర గీత గీసినట్టు కూర్చుంటాడు. మీరు చూడాలి" అని వాడి తరఫున గొప్పలు చెప్పి ఫోన్ పెట్టేసి ఇంటివైపు నడిచాను. వరండా మెట్లెక్కి చూస్తే గుమ్మం దగ్గర మేస్త్రి లేడు.

హాల్లో ఉన్నాడు. హాలు దాటి నడవ మొదట్లో ఉన్నాడు. చంటికి ఎదురుగా అడ్డంగా నిలబడ్డాడు. చంటి చేతిలో ఖాళీ టీ కప్పు, వంటింట్లో కడిగి పెట్టడానికి బయల్దేరింది. తెలిసిన ఇల్లే కాబట్టి గోడ పట్టుకుని నడిచేస్తుంది. చలాకీ హార్నెస్ విప్పేసి గదిలో చాప మీద ఉంది, నియమం ప్రకారం.

"వెనక్కెళ్లరా మేస్త్రీ" అంటోంది చంటి గుసగుసగా. "నువ్వు ఇక్కడికి రాకూడదు. వదిన చూసిందంటే ఇద్దరికీ మూడుతుంది. వెళ్లు. వెళ్లమన్నానా?" మోకాలితో వాణ్ణి నెడుతోంది. వాడు కదలడు. తన బరువంతా ఆమె మోకాళ్లకి ఆనించి నిలబడ్డాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడే కదా వాడి కోసం అంత గొప్పగా చెప్పి వచ్చాను! "బయటికి!" అని అరిచాను. హాస్టల్ మూడో అంతస్తుకి వినపడే గొంతు నాది. మేస్త్రి చెవులు వెనక్కి పడ్డాయి. నా వైపు చూశాడు. ఆ చూపులో భయం ఉంది, నా మాట వినపడిందని కూడా ఉంది. అయినా అంగుళం కదల్లేదు. విసవిసా వెళ్లి వాడి మెడపట్టీ పట్టుకుని నా వైపు లాగాను. వాడు ముందరి కాళ్లు నేలకి తన్నిపెట్టి గొంతులో సన్నగా మూలిగాడు. మళ్లీ లాగాను.

బయట ఎండలోంచి వచ్చిన నా కళ్లు అప్పటికి నడవలోని చీకటికి అలవాటు పడ్డాయి.

వాడి వెనక కాళ్లు ఆఖరి చెక్క మీద ఉన్నాయి. ఆ చెక్క వెనక నేల లేదు. తోక గొయ్యి మీద గాల్లో ఉంది. గొయ్యికి వీపు పెట్టి, చంటికి మొహం పెట్టి, అరిగిపోయిన ఆ తుంటి మీద నిలబడి, అటునుంచి ఆమె నెడుతుంటే, ఇటునుంచి నేను లాగుతుంటే, ఇద్దరి మాటా వినకుండా ఉన్నాడు. ఆమె ఇంకొంచెం గట్టిగా నెట్టి ఉంటే వాడు పడేవాడు. నేను లాగిన దానికి వాడు లొంగి ఉంటే ఆమె పడేది.

చంటి జబ్బ పట్టుకుని వెనక్కి గుంజాను, కప్పు కింద పడి పగిలింది.

"వదినా? ఏమైంది? ఎందుకు మాట్లాడవ్?"

చంటి ఒక్క క్షణం ముక్కు ఎగబీల్చింది. తేమ వాసన తగిలినట్టుంది. చేత్తో గోడని తడిమింది, ఎత్తి ఆనించిన తలుపు చేతికి తగిలింది. అప్పుడు తనకే అర్థమైంది. ఉన్నచోటనే నేలమీద కూలబడిపోయింది. వంటింట్లోంచి మా ఆయన కుర్చీ దిగొచ్చి అటువైపు అంచున నిలబడి, ఆ గొయ్యినీ మమ్మల్నీ చూసి, "ఓరి దేవుడా" అని అక్కడే ఆగిపోయారు.

మేస్త్రి మాత్రం ఆమె కూర్చున్న తర్వాతే అంచు వదిలి కదిలాడు. రెండడుగులు వేసి, నా మొహం చూసి, తల వంచుకుని వరండా వైపు వెళ్లబోయాడు. తప్పు చేశాననుకుని వెళ్లిపోతున్నాడు! నాకు దుఃఖం పొంగుకొచ్చింది. "రారా నాయనా, నువ్వెక్కడికీ వెళ్లకు" అని ఆ చెక్క నేల మీద కూర్చుని వాడి మెడ చుట్టూ చేతులేశాను. కుక్కని ఇలా హత్తుకోవడం నాకు అదే మొదటిసారి. నియమాలు అన్నీ తెలుసు నాకు. నియమం ఎవరికోసమో ఎరిగి, అది పాటించాల్సినంతవరకు పాటించి, మానాల్సినచోట ప్రాణానికి తెగించి మానినవాణ్ణి నేను అంతవరకు చూడలేదు. మనుషుల్లో కూడా చూడలేదు.

చంటి వాణ్ణి దగ్గరకి తీసుకుని ఒళ్లంతా తడమడం మొదలుపెట్టింది. నేను ముద్దు చేస్తోందనుకున్నాను. కాసేపటికి చూస్తే ఆ చేతులు ఆసుపత్రి చేతులు. మెడ, భుజాలు, వెన్ను, తొడలు వేళ్లతో నొక్కుతూ పోతోంది. మొహం మారిపోతోంది.

"వదినా, వీడు పడుకోవడం లేదు."

"అదేంటి, వరండా అంతా..."

"పడుకున్న ఒళ్లు కాదిది. భుజాలు చూడు, రాళ్లు. మెడ ఒకవైపే బిగుసుకుపోయింది, ఎప్పుడూ ఒకే వైపు చూస్తున్నట్టు. వచ్చిన దగ్గర్నుంచి నువ్వెప్పుడైనా వీణ్ణి పడుకుని ఉండగా చూశావా? నిజం చెప్పు."

ఆలోచించాను. గుమ్మం దగ్గర అదే కూర్చోవడం. అదే చూపు. నేను క్రమశిక్షణ అనుకుని మురిసిపోయిన ఆ కూర్చోవడం కాపలా. లోపల చంటి ఎటు కదిలితే అటు ఆ తల తిరిగేది. నిన్నంతా ఆ గుమ్మానికి అవతల వాడు డ్యూటీ చేస్తూనే ఉన్నాడు.

"లేదు" అన్నాను. "కూర్చునే ఉన్నాడు."

"ఇంటి దగ్గర కూడా అంతే అయి ఉంటుంది. పడుకున్నాడులే అనుకునేదాన్ని. నాకు కనపడదుగా." ఆ మాట తను ఎప్పుడూ అనదు.

ఆ రోజే నేను చేసిన మొదటి పని, వరండా దాటి లోపలికి రాకూడదన్న మాటని గోడ మీద అడ్డంగా కొట్టేయడం. తర్వాత మా తోడికోడలికి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ అంతా విని చివరికి "తుమ్ములకి మాత్రలుంటాయిలే" అని పెట్టేసింది. మేస్త్రికి హాలు మధ్యలో పరుపు వేశాను. మా ఆయన నేలమాళిగ తలుపు మూసి, దానిమీద నాలుగు కుర్చీలు పేర్చి, అది చాలదని తనూ కాసేపు అక్కడే కూర్చున్నారు.

పరుపు వేశానే గానీ మేస్త్రి దానిమీద కూడా కూర్చునే ఉన్నాడు. చంటి స్నానానికి వెళ్తే తలుపు దగ్గరకి, పెరట్లోకి వెళ్తే కిటికీ దగ్గరకి. ఇంక మేమంతా ఒప్పుకున్నాం, ఎవరికీ అభ్యంతరం లేదు, వాడు ఎక్కడైనా ఉండొచ్చు. కానీ వాడికి ఒక్కచోటే ఉండాలి, అది చంటి పక్కన. అక్కడేమో వాడికి నిద్ర లేదు.

మర్నాడు మధ్యాహ్నం చంటి నన్ను వరండాలోకి పిలిచింది.

"వదినా, వీణ్ణి నువ్వు తీసుకుంటావా?"

"నేనా?" ఉలిక్కిపడ్డాను. "ఇద్దర్నీ ఉంచుకుంటానని కదే నువ్వు ప్రాణం పెట్టుకుని వచ్చావు!"

"వచ్చాను. నా దగ్గర ఉన్నంతకాలం వీడు ఉద్యోగం మానడు వదినా. హార్నెస్ తీసేశాం, పని మాన్పించాం, మనం అనుకున్నాం అంతే. వాడు అనుకోలేదు. ఇలాగే నిలబడి నిలబడి ఒకరోజు కూలిపోతాడు." మేస్త్రి వీపు నిమిరింది. "చలాకీ తప్పు కూడా లేదు. పాపం, పెద్దాయన ఒక పక్క నుంచి పని చేస్తుంటే అదేం చేస్తుంది? నేను కూడా దాని పిడి పట్టుకుని వీడి గోళ్ల చప్పుడు వింటున్నాను. నువ్వు చెప్పావుగా."

"నాకెందుకే ఇస్తావు? పెంపకం నాకు చేతకాదు. నీకు ఇంకెవరూ..."

"నిన్ను కాపాడాల్సిన అవసరం ఎవరికీ రాదు వదినా. నీ నోరు చాలు." ఏడుస్తూనే నవ్వింది. "వాడికి హాయిగా ఉంటుంది. పైగా నీ ఇంట్లో అన్నిటికీ టైముంటుంది. తినే టైము, నడిచే టైము, పడుకునే టైము. వాడికి అదే కావాలి."

ఆమె ముఖం చూస్తూ ఉండిపోయాను. తన కళ్లని తీసి ఒకరికి ఇస్తున్నట్టే కదా ఇది, ఆ కళ్లకి విశ్రాంతి కావాలని! నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే చంటికి కనపడదు, చెబితే ఒప్పుకోదు. అందుకని కటువుగానే అన్నాను, "సరే. కానీ మంచం ఎక్కితే మాత్రం ఊరుకోను."

ఆ సాయంత్రం చంటి, చలాకీ ఇద్దరే సరస్సు దారిలోకి వెళ్లారు. నేను మేస్త్రి గొలుసు పట్టుకుని పెరటి గోడ దగ్గర నిలబడ్డాను. మొదట్లో చలాకీ ఒకసారి ఆగి వెనక్కి చూసింది. చంటి ఆగింది, కానీ తల తిప్పలేదు. ఏం చెప్పిందో వినపడలేదు, పిడి మాత్రం గట్టిగా పట్టుకోవడం కనపడింది. చలాకీ తల ముందుకి తిప్పుకుంది. రాళ్లు పేర్చిన మలుపు దగ్గర తనంతట తనే ఆగింది, చంటి కాలితో మెట్టు వెతుక్కుంది, ఇద్దరూ దిగారు. అలా నీటి ఒడ్డు దాకా పోయారు. మేస్త్రి చెవులు నిక్కబొడుచుకుని అదంతా చూస్తూనే ఉన్నాడు. గొలుసు బిగుసుకుని నా అరచెయ్యి ఎర్రబడింది.

సెలవు అయిపోయింది. చంటిని తీసుకెళ్లే కారు పొద్దున్నే వచ్చి గేటు బయట ఆగింది. మా ఆయన సామాను పెట్టారు. చలాకీ ముందెక్కి చంటి కాళ్లు పెట్టేచోట సర్దుకుని కూర్చుంది. చంటి ఎక్కే ముందు మేస్త్రి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని వాడి తలని రెండు చేతులతో పట్టుకుంది. లేచి, కారు తలుపు తడుముకుని లోపల కూర్చుంది. తలుపు ఇంకా వేయలేదు. మేస్త్రి కూడా ఎక్కడానికి ముందుకి కదిలాడు, ఎప్పుడూ ఆమె వెంట ఎక్కడమే వాడికి అలవాటు కదా.

"ఉండు" అంది చంటి.

మేస్త్రి ఆగాడు. గొలుసు నా చేతిలోనే ఉంది గానీ వాడు నిజంగా వెళ్లాలనుకుంటే నా చెయ్యి ఆపలేదు. ఆ రోజు నడవలో ఇద్దరం అరిచినా, లాగినా, నెట్టినా వినలేదు వాడు. ఆమెకి గండం ఉందని తోస్తే వాడు ఎవరి మాటా వినడు. ఇప్పుడు ఏమనుకుంటాడు?

వాడు చంటిని చూడలేదు. ఆమె కాళ్ల దగ్గర ఉన్న చలాకీని చూశాడు. ఎంతోసేపు, ఎక్కడా తొందర లేకుండా, పని పరీక్షిస్తున్నట్టు చూశాడు. చలాకీ కూడా కళ్లు వాల్చలేదు, వాడి వంకే చూస్తోంది.

డ్రైవరు కూడా ఇంజను ఆపేసి అలాగే ఉండిపోయాడు. చంటి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తల కొంచెం పక్కకి వంచి, చప్పుడు కోసం వింటోంది.

"వదినా" అంది చివరికి. "కూర్చున్నాడా?"

వెనక కాళ్లు వణుకుతూ మెల్లగా మడత పడ్డాయి. తుంటి నేలకి ఆనింది. తర్వాత ముందరి కాళ్లు కూడా చాపి, గేటు ముందు ఆ మట్టిలో, నా పాదాల పక్కన, తల నేలకి ఆనించాడు.

"పడుకున్నాడమ్మా" అన్నాను.